ఖాళీ డ్రాయింగ్ షీటు

"ఇదేంటి, ఖాళీగా ఇచ్చావ్?"

డ్రాయింగ్ టీచర్ షీటు పైకెత్తి చూపించేసరికి క్లాసంతా గొల్లున నవ్వింది. 'మీరు మొక్కే దేవుడి బొమ్మ వెయ్యండి' అన్నది ఆ రోజు పని. మిరపకాయ ఒక్క గీత కూడా గీయలేదు. కోపం ముక్కుమీదే ఉంటుందని ఇంట్లోవాళ్లు ఆమెకు పెట్టిన పేరది. బడిలోనూ అదే అంటుకుంది.

"మేం అల్లాహ్‌కి బొమ్మ వెయ్యం టీచర్. ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయనలాంటివాళ్లు ఇంకెవరూ లేరు."

"బద్ధకానికి సాకు! సున్నా!"

పక్క బెంచీలో లావు కళ్లద్దాల సోడాబుడ్డి కిసుక్కున నవ్వాడు. "బొమ్మే లేదంటే దేవుడే లేడేమో!"

మిరపకాయకు ఒళ్లు మండిపోయింది. వాడి బొమ్మ లాక్కుని పర్రున చింపేసింది.

సాయంత్రం అమ్మీ ఆసుపత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకముందే మిరపకాయ అంతా ఏకరువు పెట్టింది.

"సున్నా వెయ్యడం అన్యాయం. రేపొచ్చి నేనే అడుగుతా!" అమ్మీ గొంతు కూడా వేడెక్కింది. "మరి వాడి బొమ్మ ఎందుకు చింపావ్?"

"అల్లాహ్‌ని వెక్కిరించాడు!"

"నిన్ను పుట్టించిందెవరు?"

"అల్లాహ్."

"వాణ్ణి?"

మిరపకాయ మూతి ముడిచింది. "ఆ సోడాబుడ్డిని కూడానా?"

"దేవుడు ఒక్కడేనని రోజూ చదువుతావుగా. వాణ్ణి పుట్టించడానికి ఇంకొకరున్నారా? వాడు నవ్విందీ ఆయన చూశాడు, నువ్వు చింపిందీ చూశాడు."

మిరపకాయ గొణిగింది. "వాడా బొమ్మ పీరియడంతా వేశాడు అమ్మీ. నాలుక బయటపెట్టి మరీ."

మర్నాడు అమ్మీ బడికొచ్చి గట్టిగానే మాట్లాడింది. టీచర్ ముఖం కందగడ్డలా చేసుకుని, వేసిన సున్నాను గీత గీసి కొట్టేసింది. సారీ మాత్రం చెప్పలేదు. మిరపకాయ పళ్లు నూరుకుంది.

ఆ కోపంతోనే సోడాబుడ్డి దగ్గరికెళ్లింది. "ముక్కలియ్యి."

వాడు బ్యాగు గుండెకు హత్తుకున్నాడు. "ఇంకా చింపుతావా?"

"అంటిస్తా." ఇంటినుంచి తెచ్చిన టేపు చూపించింది. "నువ్వన్న మాటకి నాకింకా కోపంగానే ఉంది. మళ్లీ అనకు. చింపినందుకు మాత్రం సారీ."

సోడాబుడ్డి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అనను," అంటూ ముక్కలు బయటికి తీశాడు.

"కదలకుండా పట్టుకో," అంది మిరపకాయ. టేపును పంటితో కొరికి, పైకి కనిపించకుండా వెనకవైపు నుంచి మెల్లగా అంటించసాగింది.