కునుకే పట్టని మనిషి

ఆ ఇంటి పెద్దమనిషి అసలు నిద్రే పోడు. సోఫాలో నోరు తెరుచుకుని గురక పెడతాడు గానీ, టీవీ కట్టేస్తే మాత్రం "చూస్తున్నాగా!" అని కస్సుమంటాడు. కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు కాబట్టి, తన కళ్లు మూసుకున్నాయో లేదో కూడా తనే తేల్చాలి. ఇన్నేళ్లుగా ఈ శాస్త్రవేత్తను భరించడం ఆయన భార్య ఉద్యోగం.

ఆ ఉద్యోగంలో అదనపు బాధ్యత ఒకటుంది. ఆవిడకు లైసెన్సు ఉన్నా ఆయన స్టీరింగు ముట్టుకోనివ్వడు. ఆయనకు కునుకు రాకుండా ఆవిడ పక్కన కూర్చుని దారిపొడవునా మాట్లాడాలి. ఇంట్లో రెండు మాటలు ఎక్కువైతే తలపోటనే మనిషికి, హైవే ఎక్కగానే అవే మాటలు మందు!

నిన్న చుట్టాలింటి నుంచి వస్తుండగా కారు మలుపులో రెయిలింగును రాసుకుంటూ పోయి ఆగింది. ఆవిడ వైపు తలుపు సొట్టపోయింది. రెయిలింగు అవతల లోయ.

పొద్దున్నే ఆయన కాఫీ గ్లాసుతో కారు పక్కన నిలబడి పక్కింటాయనకు పాఠం చెబుతున్నాడు.

"మలుపులో అంత దగ్గరగా ఇనుము పాతిపెడతారండీ ఎవరైనా? బుర్ర లేని పని!"

"అది లేకపోతే మీరు..." అనబోయిన పక్కింటాయన, మర్యాదకు గోడ అవతలికి వెళ్లి మొక్కలకు నీళ్లు పట్టసాగాడు.

ఇంతలో కూతురు చంటిపిల్లను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది. సెలవు అయిపోయింది. వాళ్లను ఇవాళ వాళ్లింట్లో దింపాలి.

"అమ్మా, నాన్న నన్ను ముందు కూర్చోమంటున్నాడు. దారంతా మాట్లాడాలట. పాపనేం చెయ్యను?"

"పాపను మీ అమ్మ ఎత్తుకుంటుంది. ఆవిణ్ణి నమ్ముకుంటే ఏమైందో చూశావుగా! మధ్యలో మాటలు ఆపేసింది" అన్నాడాయన.

ఆవిడ గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్న కారు తాళంచెవులు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఓహో, తప్పు నా నోటిదా? సరే, ఆఖరున నేనేమన్నానో చెప్పండి. తాళాలిచ్చేస్తాను."

"ఏదో... మా అక్కయ్య చీరల గురించి."

"అది ఊరు దాటకముందు."

"పోనీ, పాలవాడి గురించి."

"పాలవాడిని నిన్న నేను తలుచుకోనేలేదు. 'కారు ఆపండి, మీ కళ్లు వాలిపోతున్నాయి' అన్నాను. 'ఊ' అన్నారు. మళ్లీ చెప్పాను. మళ్లీ 'ఊ' అన్నారు. భుజం పట్టి కుదిపితే చల్లగా ఇంకో 'ఊ'! నేను అరుస్తుండగానే రెయిలింగు వచ్చేసింది."

"నాన్నా! నిజమేనా?" కూతురు పాపను గుండెకు హత్తుకుంది.

ఆయన సొట్టపోయిన తలుపు దగ్గరికి నడిచి, ఆవిడ కూర్చునే చోటు మీద చెయ్యి ఆనించాడు.

"నువ్వు ఆపమన్నది నాకు వినపడనే లేదే" అన్నాడు సన్నగా.

"నిద్రలో ఎలా వినపడుతుంది లెండి!"

పక్కింటాయన గోడ అవతల నీళ్ల పైపు కట్టేశాడు. ఈయన పట్టించుకోలేదు. పాపను చూశాడు, భార్యను చూశాడు, వెనక సీటు తలుపు తనే తీసుకున్నాడు.

"నువ్వే నడుపు. నిద్రపోయాను. రెయిలింగుది కాదు, నీది కాదు... తప్పు నాదే."