భయగ్రాహి

ఆ ఉదయం కూడా హిమజ గుమ్మంలో ఆగి, ఊపిరి నెమ్మదించాకే పెరట్లోకి దిగింది. ఆ కాలనీలో అందరి అలవాటూ అదే. పరీక్ష ఫలితాలైనా, ఆసుపత్రి కబుర్లైనా డాబా మీదే వింటారు. గుండె కుదుటపడ్డాకే కిందికొస్తారు.

ఒకప్పుడు వేటగాళ్లు ముక్కు చురుకైన కుక్కల్నీ, కాపరులు తెగువగల కుక్కల్నీ ఏరి, తరాల తరబడి జతకట్టించి జాతులను తయారుచేశారు. ఇప్పుడు జన్యుమగ్గం అనే యంత్రం ఆ రెండు గుణాలనూ నలభై రోజుల్లో ఒకే కుక్కపిల్లలో నేస్తోంది. అలా పుట్టినవే భయగ్రాహులు. దొంగ చెమటలో భయం ఉంటుంది. ఆ వాసన తగిలితే అవి అడ్డం నిలుస్తాయి. ఒక అడుగు వేస్తే గుర్రుమంటాయి, రెండో అడుగుకు కరుస్తాయి. ఇంటివాళ్లయినా సరే.

హిమజకు పెళ్లై మూడు నెలలు. తమ భయగ్రాహికి మిరియం అని ముద్దుపేరు పెట్టింది ఆమే.

"ఏమండోయ్, ములగకొమ్మ పెళుసు! దిగండి," అంది నిచ్చెన మీదున్న భర్త ప్రణీత్‌తో.

"పులుసులోకి కాడలు కావాలన్న మహారాణి ఎవరో?"

"మహారాణి వంకాయతో సరిపెట్టుకుంటుందిలెండి."

నిచ్చెన ఆనించిన కొమ్మ ఫెళ్లున విరిగింది. ప్రణీత్ తల బావిగట్టుకు తగిలింది. నెత్తురు ధారకట్టింది. అతనిలో కదలిక లేదు.

హిమజ కెవ్వుమంది. మిరియం గిర్రున ఆమె వైపు తిరిగి అడ్డం నిలబడింది. ఆమె ఒక అడుగు వేసింది. అది గుర్రుమంది.

"నేనేనే! జరగవే తల్లీ!"

దాని కోరలు బయటపడ్డాయి. ఎవరిని పిలిచినా భయంతోనే పరిగెత్తుకొస్తారు. వాళ్లనూ ఇది రానివ్వదు.

హిమజ కళ్లు మూసుకుంది. పెళ్లైన కొత్తలో ప్రణీత్ పంచదార అనుకుని ఉప్పు వేసి కాఫీ కలిపాడు. పొరపాటు ఒప్పుకోలేక, "భలే కుదిరింది" అంటూ గ్లాసుడూ తాగేశాడు. ఆ ముఖాన్నే తలుచుకుంది, మళ్లీ మళ్లీ, నవ్వు వచ్చేదాకా. గుండెదడ తగ్గింది. మిరియం తోక ఊపింది.

పూలు కోయడానికి వెళ్తున్నట్టు మెల్లగా నడిచి, కూర్చుని, చున్నీతో గాయాన్ని అదిమిపట్టింది. రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకుంది. మిరియం మూతి ఆమె మెడకు ఆనింది. ఆమె నవ్వు చెదరనివ్వలేదు.

ప్రణీత్ కళ్లు తెరిచాడు. తన నెత్తుటిని చూశాడు. ఆమె నవ్వునూ చూశాడు.

"హిమా... నీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకండీ? చిన్న దెబ్బేగా."

"అబద్ధం. నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావు."

అంటూనే మిరియం కేసి చూశాడు. అది ఆమె ఒడికి ఆనుకుని హాయిగా ఆవలించింది. భయగ్రాహి ముక్కు పొరబడదని అందరికీ తెలుసు.

ప్రణీత్ తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.