ఆదివారం కూడా పనేనా?

ఆదివారం ఉదయం పెద్దాయన వరండాలో చాప పరిచి, ఉలికి పదును పెట్టుకుని, వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. వీధిలోవాళ్ళ కుర్చీలూ బల్లలూ ఆదివారాలు బాగుచేసిపెట్టడం ఆయనకి అలవాటు. ఎవరూ రాకపోవడం ఇది మూడో ఆదివారం. విరిగిన కుర్చీ పట్టుకుని ఒక్కరూ గేటు తీయలేదు.

లోపల సోఫాలో కోడలు పుస్తకం పట్టుకుని పడుకుంది. ఆమె లెక్చరరు గారి అమ్మాయి. వాళ్ళింట్లో సెలవంటే పుస్తకం, కునుకు, మళ్ళీ పుస్తకం. పెళ్ళైన కొత్తలో ఆమెనలా చూసి, జ్వరం కాబోలని పెద్దాయన వేడినీళ్ళు తెచ్చిచ్చేవాడు. ఒంట్లో బాగున్న మనిషి పగటిపూట నడుం వాల్చడం ఆయన ఎరగడు. జ్వరం కాదని తెలిశాక కూడా నీళ్ళివ్వడం మానలేదు. ఆమె వద్దనలేదు.

"ఏంటి నాన్నా, ఇవాళ కూడా బేరాల్లేవా?" బండి తుడుస్తున్న కొడుకు నవ్వాడు.

"బేరమేంట్రా? నేనెప్పుడైనా పైసా తీసుకున్నానా?" పెద్దాయన కుడిచెయ్యి చాపాడు. "ఒరేయ్, నిజం చెప్పు. వణుకుతోందా? జనం కనిపెట్టేశారంటావా?"

కొడుకు నవ్వు ఆగిపోయింది. లోపల పేజీలు తిరగడమూ ఆగిపోయింది.

అప్పుడే ఎదురింటి లెక్కల టీచరు గేటు దగ్గరికొచ్చింది.

"బాబాయిగారూ, మీరు మానేశారని తెలిసీ అడుగుతున్నా. మా అత్తగారి కుర్చీ కాలు ఊడింది. బజారులో ఇస్తే ఇంకా పాడుచేశారు."

"నేను మానేశానని ఎవరన్నారు?"

"మీ కోడలేనండీ. మామయ్యగారిని ఇక విశ్రాంతి తీసుకోనివ్వండని వీధంతా..." టీచరు నాలుక కరుచుకుంది. పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్ళిపోయింది.

పెద్దాయన లేచి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"నిజమేనా అమ్మా?"

"నిజమే మామయ్యా. నలభై ఏళ్ళు తలుపుల ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకున్నారు. ఆదివారం కూడా చెమటలు కక్కుతుంటే చూడలేకపోయాను. మేం సరిగ్గా చూసుకోవట్లేదని నలుగురూ అనుకోరా?"

"నలుగురి సంగతి సరే, నన్నడిగావా? మూడు వారాలనుంచి నా చెయ్యి చచ్చుబడిందేమోనని, అన్నం కలుపుతూ కూడా వేళ్ళే చూసుకుంటున్నానే తల్లీ!"

కోడలి కళ్ళు నిండాయి. "మరి విశ్రాంతి మామయ్యా..."

"ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళూ ఒకటే తలుపు. ఏడడుగులు పొడుగు, మూడడుగులు వెడల్పు. వెంట్రుకంత తేడా వస్తే మేస్త్రీ తిట్టేవాడు. ఆదివారం ఒక్కరోజే నా ఇష్టం. కుర్చీ కాలు ఇటు వంచు, అటు చెక్కు అనేవాడుండడు. అది దాని చోట 'టక్'మని కూర్చుంటుంది చూడూ... నాకు అదే విశ్రాంతి."

కోడలు పుస్తకం మూసింది. పరీక్షలకి చదివినవీ పుస్తకాలే, సెలవుల్లో చదివినవీ పుస్తకాలే. సెలవుల్లో ఎవరూ ప్రశ్నలడగరు, అంతే తేడా. ఆ తేడాకోసమే తను వారమంతా ఎదురుచూస్తుంది. వరండాలో కూర్చున్న మనిషీ దానికోసమే ఎదురుచూస్తాడని ఇన్నేళ్ళూ తోచనందుకు సిగ్గేసింది.

"నాదే తప్పు మామయ్యా."

"ఏడవకమ్మా. నీ చదువుని నేను జబ్బనుకోలేదూ? ఇద్దరికిద్దరం సరిపోయాం."

ఆమె ఏడుస్తూనే నవ్వేసి, చెప్పులేసుకుంది.

"ఉండు, నేనూ వస్తా," అన్నాడు భర్త.

"వద్దు. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేను. వెనక్కి తీసుకోవాల్సిందీ నేనే."

కాసేపటికి లెక్చరరు గారి అమ్మాయి మూడుకాళ్ళ కుర్చీని భుజాన వేసుకుని, ఊడిన కాలు చంకలో పెట్టుకుని వీధిలో నడిచి వస్తోంది. మేడమీదనుంచి ఎవరో పలకరించారు.

"ఏమ్మా, పెద్దాయన్ని మళ్ళీ పనిలో పెట్టేశారా?"

ఆమె నడివీధిలో ఆగి తలెత్తింది.

"పెట్టడానికి మేమెవరమండీ? మా మామయ్య చేతిలాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. మీ బల్ల విరిగిందన్నారుగా, దాని సంగతి కూడా చెప్పి చూస్తాను. ఆయనకి నచ్చితే చేస్తారు."

"నచ్చితేనే!" అని వరండాలోంచి గట్టిగా కేకేశాడు పెద్దాయన, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.