టన్నెల్లో నడిచేవాడికి ఏం కారణం?

జ్ఞానప్రసూనకి ముప్పై ఎనిమిదేళ్లు. ఎక్కడికైనా నడిచే వెళ్తుంది.

ఆమె రోజూ వెళ్లే దారిలో ఒక టన్నెల్ ఉంది. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల వెనక, రోడ్డు కిందుగా పోతుంది. పగలు అందులో పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. నవంబరులో, చలికాలమని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పి, అయిదింటికే చీకటి పడడం మొదలయ్యాక మాత్రం — అక్కడ ఎవరో ఉన్నారని పేరు పడింది.

ఆ అడుగుల చప్పుడు మొదట విన్నది జ్ఞానప్రసూన స్నేహితురాలు విద్య. నాకీ కథ చెప్పిందీ తనే.

"నేను నడిస్తే వెనక నడుస్తోంది. ఆగితే ఆగుతోంది. తిరిగి చూస్తే... చీకటి."

వారం తిరక్కుండా ఇంకో ఇద్దరు ఆడవాళ్లకి అదే వినిపించింది.

సంగతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లోకి ఎక్కింది. అందరూ ఇంజనీర్లు కదా, దెయ్యం అన్న మాట గంటసేపు కూడా నిలవలేదు. సీరియల్ కిల్లర్ అని తేల్చారు. ఒక్క చావైనా లేదు, హంతకుడు మాత్రం తయారు. ఇక వాడికి కారణం కావాలి. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి పిచ్చెక్కి ఉంటుందని ఒకరు. పెళ్లాం వదిలేసి ఉంటుంది, అందుకే ఆడవాళ్ల మీద కసి అని మరొకరు. ఫార్మా కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న పద్మనాభం గారు, "చిన్నప్పుడు తల్లి ప్రేమ దొరికి ఉండదు, పాపం" అని రాశారు.

పాపం అన్నది హంతకుణ్ణి.

జ్ఞానప్రసూన నవ్వుకుంది. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఆడవాళ్లని వరసగా చంపి, చివరిదాకా దొరకని వాడొకడున్నాడు. అప్పటి పేపర్లు లైబ్రరీ సైట్‌లో కనిపిస్తే ఆమె వదలకుండా చదువుతోంది. డాక్టరు, అవయవాల కోసం చంపుతున్నాడని ఒక పేపరు. మతం పిచ్చి అని ఒకటి. ఎవరో ఆడది రోగం అంటించింది, ఆ పగ అని ఇంకొకటి. పరాయి దేశం వాడే అయుంటాడని చాలా.

"ఇవీ మన గ్రూప్ మెసేజ్‌లే, పాతకాలం హ్యాట్ పెట్టుకున్నాయి అంతే," అంది విద్యతో. "ఆ చచ్చిపోయిన ఆడవాళ్లు ఆ వేళప్పుడు తలదాచుకునే చోటు లేక రోడ్డు మీదున్నారు. దానికి కారణాలు వెతికినవాళ్లు తక్కువ."

నవ్వింది కానీ, ఆమెకీ ఒక భయం ఉంది. టన్నెల్ గురించి కాదు. భార్యలకిచ్చే, ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-ఫోర్ వీసా మీద ఏడేళ్లు ఇంట్లో కూర్చున్నాక వర్క్ పర్మిట్ వచ్చి, టన్నెల్ అవతల ల్యాబ్‌లో ఈవెనింగ్ షిఫ్ట్ దొరికి నెల కాలేదు. కారులో దింపుతానని భర్త దివాకర్ అంటే, నడిచే వెళ్తానంది. ఇప్పుడతను మాట మార్చాడు.

"మానెయ్యరాదూ. డే షిఫ్ట్ వస్తే అప్పుడు చూద్దాం."

ఆ చూద్దాం ఎంత పొడుగో ఆమెకి ఏడేళ్లుగా తెలుసు.

"వాడు నిజంగా ఉంటే మానేస్తాలే," అంది.

ఆ గురువారం మంచు పడేలా ఉంది. మఫ్లర్ ముక్కు దాకా లాక్కుని టన్నెల్లోకి దిగింది. సగం దూరం వెళ్లిందో లేదో... వెనక అడుగులు.

ఆగింది. ఆగాయి.

నడిచింది — నడిచాయి.

పరిగెత్తితే వాడున్నాడని ఒప్పుకున్నట్టే, ఉద్యోగం పోయినట్టే. ఫోన్‌లో టార్చ్ వేసి, గిర్రున వెనక్కి తిరిగింది.

నల్ల హుడీ. మొహానికి అడ్డంగా చెయ్యి. వెలుగుకి కళ్లు మూసుకుని ఆ ఆకారం గుసగుసగా అంది —

"విద్య గారూ... భయపడకండి. నేను, దివాకర్‌ని. జ్ఞానకి తోడుగా వెనకాల వస్తున్నా. తనకి మాత్రం చెప్పకండి, ప్లీజ్."

"చెప్పన్లే," అంది జ్ఞానప్రసూన.

టార్చ్ దించి, మఫ్లర్ కిందికి లాగింది.

మా కాంప్లెక్స్‌లో ఆడవాళ్లందరం ఒకే సేల్‌లో ఒకే నల్ల జాకెట్ కొన్నాం. దివాకర్ ఆఫీస్ నుంచి నేరుగా వచ్చి, టన్నెల్ దగ్గర కనిపించిన జాకెట్ వెనకాల నడిచేవాడు. పదకొండేళ్ల కాపురం. అయినా సరైన జాకెట్ దొరికింది ఆ రోజే, అదీ టార్చ్ వెలుగులో మొహం కనపడక, మొదట భయపడ్డ విద్య అనుకుని.

"నీకేమన్నా అవుతుందేమోనని..." నసిగాడు.

"ఇక్కడ భయపెట్టినవాడివి నువ్వొక్కడివే."

"మరి... వాడు ఉంటే మానేస్తానన్నావ్."

"ఉన్నాడు. ఇంటికి పంపించేస్తున్నా. కుక్కర్ పెట్టు."

గ్రూప్‌లో సంగతి తెలిసి పద్మనాభం గారు, "ప్రేమ. అదీ కారణం," అని తీర్పు రాశారు. దివాకర్‌కి బోలెడు గుండె బొమ్మలు పడ్డాయి. ఆ వారమంతా నిద్రపట్టని ముగ్గురు ఆడవాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరిలో జ్ఞానప్రసూన తనే అడిగి నైట్ షిఫ్ట్‌కి మారింది. టన్నెల్లోంచి నడిచే వెళ్తుంది.