ఆమె సాకిన చెయ్యి

ఎముక విరిగిన చప్పుడు ఆమెకు ముందు వినబడింది. నొప్పి ఆ తరువాత వచ్చింది! కేక బయటికి పోకుండా కొంగు నోట్లో కుక్కుకుని, ఆమె స్నానాల గది గోడవారన కూలబడిపోయింది. చక్రాల కుర్చీలో ఉన్న ఆమె భర్త, ఊరందరికీ డ్రిల్లు మాస్టారు, తాను మెలిపెట్టిన మణికట్టును వదిలేసి, ఏమీ జరగనట్టు ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పుకుంటున్నారు.

"నీళ్ళు... చల్లారాయి," అన్నారు, పక్షవాతానికి వంకరపోయిన నోటితో. "ఇంకోసారి... చల్లారకూడదు!"

బడిలో వందలమంది పిల్లలను ఒక్క ఈలతో నిలబెట్టిన మనిషి! ఇంట్లో మాత్రం ఆయనకు ఈల అవసరం లేకపోయింది; బెత్తం ఉండేది, నడుము బెల్టు ఉండేది, ఏదీ అందనప్పుడు కుడిచెయ్యి ఉండేది. ఆ కుడిచెయ్యి పక్షవాతం వచ్చి దుప్పటి మీద ప్రాణం లేకుండా పడి ఉన్న రోజున ఆమె భోరున ఏడ్చింది. ఆ ఏడుపులో దుఃఖమెంతో, ఊరట ఎంతో, తన మనసుకు కూడా ఆమె చెప్పుకోలేదు. వ్యాయామాలు చేయించే డాక్టరు వచ్చి, "మిగిలిన చెయ్యిని గట్టిపరచాలమ్మా, ఇక ఆయనకు అదే దిక్కు," అని ఒక రబ్బరు బంతి ఇచ్చి వెళ్ళాడు. ప్రతి ఉదయమూ ఆమె ఆ బంతిని భర్త ఎడమ అరచేతిలో ఉంచి, పైన తన వేళ్ళు వేసి నొక్కించింది. నూనె పట్టించింది. "ఇంకొక్కసారి... ఇదిగో, ఇంకొక్కసారి..." అంటూ పసివాడికి నడక నేర్పినట్టు బతిమాలింది. చేతికి పట్టు చిక్కిన రోజున మాస్టారు తనంతట తానుగా మొదట పట్టుకున్నది చెంచా కాదు... ఆమె జడ! పాముకు పాలు పోసినవాళ్ళ గురించి లోకం సామెతలు చెప్పుకుంటుంది. ఊడిన కోరలను తిరిగి మొలిపించిన ఇల్లాలి గురించి ఏ సామెత చెబుతుంది!

పిల్లలతో మాత్రం, "బాత్రూంలో కాలు జారింది," అన్నది. ఇంటి గుట్టు దాచిన ఆ ఒక్క అబద్ధమే ఆమెను పులిబోను దాకా తీసుకుపోయింది.

మణికట్టుకు పిండికట్టుతో ఆమె మంచం మీద కూర్చుని ఉండగా, బీమా ఆఫీసులో పనిచేసే కొడుకు, దర్జీ దుకాణం నడుపుకునే కూతురు ఎదురెదురుగా చేరారు.

"నాన్నగారికో చెయ్యి లేదు, నీకో చెయ్యి లేదు. ఇద్దరికీ కలిపి రెండు చేతులు! వాటితో సంసారం ఎలా ఈదుతారమ్మా?" అన్నాడు కొడుకు.

"పనిమనిషిని పెడదాం తమ్ముడూ."

"పెట్టలేదా అక్కా? నాన్నగారి నోటికి ఒక్కత్తయినా నిలిచిందా? చివరావిడకి జీతం ఇవ్వడానికి నేను బజార్లో వెంటపడి పరిగెత్తాను!"

"పోనీ, మా ఇంటికి..."

"నీది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నాన్నగారిని మోకు కట్టి లాగుతావా? నా ఇరుకు వాటాలో చక్రాల కుర్చీ తిరగదు." కొడుకు తల్లి పక్కన కూర్చున్నాడు. "వృద్ధుల నివాసం ఒకటి చూసొచ్చానమ్మా. ఆడవాళ్ళకో భవనం, మంచానపడ్డ మగవాళ్ళకి నర్సులున్న హాలు. కానీ దంపతులకైతే విడిగా గది ఇస్తారట. ఒకే ఒక్కటి ఖాళీగా ఉంటే పట్టేశాను! ఇన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళని విడదీస్తే నాకు పుట్టగతులుంటాయా?"

ఈ ఇంట్లోనైతే ఆమె పారిపోవడానికి వంటగది ఉంది, పెరటి గుమ్మం ఉంది. ఆ ఒక్క గదిలో...? నిజం కక్కలేక, మింగలేక, "నీ ఇష్టం నాన్నా..." అన్నది.

నివాసం శుభ్రంగా ఉంది. మేట్రన్ నవ్వుముఖంతో ఎదురొచ్చి, "రండి రండి! కొత్తకాపురం అనుకోండి," అంటూ గది తలుపు తీసింది. రెండు ఇనుప మంచాలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందు. మాస్టారు గదంతా తేరిపార చూసి, "బాగుంది..." అన్నారు.

"అమ్మా, నీ మంచం కిటికీ పక్కన వేయించనా? గాలి బాగా వస్తుంది," అన్నది కూతురు.

"తలుపు పక్కన."

"తలుపు పక్కన ఉక్కగా ఉంటుందే!"

"తలుపు పక్కనే వెయ్యమ్మాయ్... చప్పున బయటపడాలిగా."

కూతురు చేతిలోని దిండు జారిపోయింది. చిన్నతనంలో తమ్ముడి చెవులు మూసి మంచం కింద దాక్కున్న ఆ పిల్ల, ఆ మాటను పోల్చుకోలేకపోతుందా? "అమ్మా... ఆ మణికట్టు..." అన్నది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, జారిన భర్త పాదాన్ని కుర్చీ మెట్టు మీద సర్దుతూ, తల ఎత్తకుండానే, "నాకు ఆడవాళ్ళ భవనంలో ఒక మంచం చాలు. ఈ గది వద్దు," అన్నది.

ఎడమచెయ్యి మెరుపులా కదిలింది! జడను పిడికిట చుట్టి, మాస్టారు ఆమె తలను ఇనుప మంచం కోడుకేసి కొట్టారు. ఒకసారి... మళ్ళీ! "ఎక్కడికే... పోతావ్! నాకు ఎవతె... చేస్తుందే!"

నెత్తురు ఆమె కనుబొమ మీదుగా చెంపకు కారింది. మేట్రన్ కెవ్వుమన్నది. కొడుకు ఒక్క దూకులో వచ్చి ఆ పిడికిలిని ఊడబెరికి, తండ్రి చేతిని వెనక్కు మడిచాడు. ఆయన కీళ్ళు కటకటమన్నాయి.

"ఆ చెయ్యి పడిపోయినప్పుడే పీడ విరగడయిందనుకున్నానే! ఇది కూడా విరిచేస్తాను! చూస్తూ ఉండండి, విరిచేస్తాను!" కొడుకు రెండో పిడికిలి తండ్రి ముఖం మీదికి లేచింది. ఆ పిడికిలిలో, బిగిసిన ఆ దవడలో ఆమెకు పడుచుప్రాయపు మాస్టారు కనబడ్డారు!

"వద్దురా!" అంటూ ఆమె పిండికట్టు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ చేతికి బలం పోసింది నేను. రోజూ బంతి పట్టించి, చేతులారా పెంచుకున్నాను. విరవాలంటే నేను విరవాలి. నువ్వు కొట్టావంటే మాత్రం... నాకు కొడుకు కూడా మిగలడు నాన్నా!"

పిడికిలి విడిపోయింది. కొడుకు తల్లి పాదాల మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు. "జారానంటే నమ్మేశానమ్మా... నమ్మడమే సుఖంగా ఉంది, నమ్మేశాను!"

ఆమె వాడి తల నిమిరి, మేట్రన్ వైపు తిరిగింది. నుదుట ఆమె అదిమిపట్టుకున్న గుడ్డ ఎర్రబడుతోంది. "ఆయన్ని నర్సుల హాల్లో ఉంచండి. మగవాళ్ళచేతే పని చేయించండి, దగ్గరికి వెళ్ళేవాళ్ళు జాగ్రత్త. వ్యాయామం మానిపించకండి, తన తిండి తాను తినాలి. బంతి పట్టించేది మాత్రం... ఇక నేను కాదు."

మాస్టారు తొలిసారిగా బిత్తరపోయి, "ఏమే..." అన్నారు. ఆమె వెనుదిరగలేదు.

కూతురు ఆమె నుదుటికి కుట్లు వేయించి, జడ విప్పి, ఆడవాళ్ళ భవనంలో దిగబెట్టింది. భోజనాల వేళకు ఆమె బల్ల దగ్గర కూర్చుంటే, ఎదుటి కుర్చీలోని బోసినోటి ముసలమ్మ జాలిగా చూసింది.

"కొత్తా అమ్మా? ఒక్కదానివే వచ్చావా? మీ ఆయన పోయారా?"

"లేదండీ. ఉన్నారు. ఆ ఎదురు భవనంలోనే."

"అయ్యో! మరి కలిసి ఉండక ఈ వేరు మకాం ఎందుకమ్మా?"

ఆమె కంచం దగ్గరకు లాక్కుంది.

"నేనూ ఉండాలని," అన్నది.