హాజరు పలికే గోడ

కొరియాలో, జిరిసాన్ కొండల కింద మా కౌంటీ ఆఫీసుంది. దాని పాత భవనంలో కింది నడవాకి చెడ్డపేరు. చీకటి పడ్డాక అటు వెళ్ళమంటే, సైన్యంలో రెండేళ్ళు చేసొచ్చిన మగాళ్ళకి కూడా ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తుంది.

ఆ నడవా చివర గోడకి వేలిముద్రల మిషన్ ఉంది. వేలు పెడితే ఆడగొంతుతో పేరు పలికి, వచ్చారనో, ఇంటికి వెళ్ళారనో చెబుతుంది. దాన్ని బట్టే ఓవర్‌టైమ్, దాన్ని బట్టే జీతం.

జీతాల సెక్షన్‌లో పనిచేసే మెంగ్ దొక్సు ఆ మిషన్ ముందే కూలిపోయాడు. వరదలొచ్చిన నెలంతా మనిషి ఇంటిమొహం చూడలేదు. ఆయన పోయాక... రాత్రిళ్ళు మిషన్ తనంతట తానే మాట్లాడుతోందనీ, దొక్సు ఇంకా డ్యూటీ దిగలేదనీ పుకారు పుట్టింది.

ఆ మాట ఆయన భార్య చెవిన పడింది. సంతలో బోక్‌హీ చెయ్యి పట్టుకుని, “పోయాక కూడా ఆయన్ని ఇంటికి రానివ్వరా అమ్మా?” అని అడిగింది.

బోక్‌హీ దొక్సు దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. హాజరు, సెలవులు, జీతాలు అన్నీ ఒక్కచోట చూసే కొత్త సాఫ్ట్‌వేర్ ఆమె చేతుల మీదుగానే వస్తోంది. అది వేలు చూడదు, మొహం చూస్తుంది. తెల్లారితే ప్రారంభం. పంది తల పెట్టి పూజ. ఆలోగా పాత మిషన్ పీకెయ్యాలి, లేకపోతే ఇంకో ఏడాది పాతదే గతి.

పీకడానికి ఎలక్ట్రీషియన్ రానన్నాడు. సెక్షన్ హెడ్ తాక్ సార్ అయితే, ఆత్మలతో మనకెందుకు, వాయిదా వేద్దామని తెగ బుజ్జగించాడు. బోక్‌హీకి ఒళ్ళు మండింది. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ రాత్రి తనే వెళ్ళింది.

నడవాలో అడుగుపెట్టిందో లేదో — మిషన్‌లో నీలం దీపం వెలిగింది.

అడుగుల చప్పుడు లేదు. మనిషి జాడ లేదు. బోక్‌హీ బీరువా పక్కన నక్కింది.

“ఛా మన్‌సొప్... ఇంటికి వెళ్ళారు.”

ఆ గుమస్తా మన్‌సొప్ పొద్దుగూకగానే సోజూ సారా కొట్టుకి పోయాడు. ఆమె కళ్ళారా చూసింది.

“పి జొంగ్‌తే... ఇంటికి వెళ్ళారు.”

ఇతనూ అక్కడే ఉండాలి. అందరికీ ఏమైనా అయిందా? అప్పుడు... నీలం వెలుగులోకి ఒక చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి మీంచి ఒక వేలు ఊడింది. కిందపడి, దొర్లుకుంటూ వచ్చి, ఆమె బూటుకి తగిలి ఆగింది.

వంగి ముట్టుకుంది. మెత్తగా, చల్లగా... రబ్బరు!

బోక్‌హీ టార్చి వేసింది. వట్టి సాక్సులతో తాక్ సార్. ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో సిబ్బంది వేలిముద్రలు దిగిన పిడికెడు రబ్బరు వేళ్ళు. ఆఫీసు బాబులంతా తాగుతూ కూర్చుంటే, ఓవర్‌టైమ్ డబ్బుల కోసం వాళ్ళు ఆఫీసులోనే ఉన్నట్టు రాత్రి ముద్ర వేసి వెళ్ళడం ఈయన వంతు. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే ఆట కట్టు. అందుకే దెయ్యాన్ని పుట్టించాడు.

“మెల్లగా మాట్లాడు బోక్‌హీ,” అన్నాడు గొంతు తగ్గించి. “అందరం ఒక ఇంటివాళ్ళలాంటి వాళ్ళం.”

“దొక్సు గారి పేరెందుకు వాడారు?”

“పోయినవాడికి పోయేదేముంది?”

“బతికుండగా ఇంటికి పంపలేదు. పోయాక మీ దొంగతనానికి కాపలా పెట్టారు. ఆయన డ్యూటీ ఈ రాత్రితో అయిపోయింది సార్.”

ఆమెని కొండ మీది ఆఫీసుకి బదిలీ చేయిస్తానని బెదిరించాడు. చేయించుకోమని, వేళ్ళ కోసం చెయ్యి చాచింది. ఆమె మొహం చూశాక ఆయనకి ఇవ్వక తప్పలేదు.

తెల్లారింది. కొత్త కంప్యూటర్ల ముందు బల్ల మీద పంది తల, బియ్యపు రొట్టెలు, మక్కొల్లి బియ్యపు కల్లు గిన్నెలు. ముందు వరసలో దొక్సు భార్య. బోక్‌హీయే పిలిపించింది.

మొక్కులు మొదలయ్యే ముందు, పీకేసిన మిషన్ తెచ్చి పంది తల పక్కన పెట్టింది. వేళ్ళన్నీ పళ్ళెంలో పరిచింది.

“ఎవరి వేళ్ళు వాళ్ళు తీసుకోండి.”

ఒక్కరూ కదల్లేదు. తాక్ సార్ తల ఎత్తలేదు.

అప్పుడు... మిషన్‌లో నీలం దీపం వెలిగింది.

దాని వైరు చుట్ట చుట్టి బోక్‌హీ పిడికిట్లోనే ఉంది.

“మెంగ్ దొక్సు...” అంది ఆడగొంతు. “ఇంటికి వెళ్ళారు.”

బాబులంతా గోడకి కరుచుకుపోయారు. దొక్సు భార్య ఒక్కతే లేచి నిలబడింది.

“పదండి,” అంది, పక్కన మనిషితో అన్నట్టు. తలుపు దాకా వెళ్ళి, తను బయటికి నడిచే ముందు కాసేపు దారిచ్చి ఆగింది.