అడగకుండా రాసిన సర్వే

మధ్యాహ్నం ఇంగ్లిష్ క్లాసులో గంగాధరప్ప సార్ గోడకు చార్టు అంటించారు. ఏడో తరగతిలోని ముప్పై మందినీ "నిన్న సాయంత్రం ఏం చేశారు?" అని అడిగి, జవాబులు ఇంగ్లిష్‌లో రాయాలి. అది లక్ష్మీనరసింహకు ఇచ్చిన సర్వే ప్రాజెక్టు.

చార్టు నిండా ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒకటే జవాబు. ముప్పై మందీ ఆడుకున్నారట.

"శానా బాగా చేసినావప్పా," అన్నారు సార్. "అందరికీ ఇంత తీరిక ఉండాదంటే, రేపట్నుంచి నాలుగింటి నుంచి ఆరు దాకా స్పెషల్ క్లాసు. రానోళ్లు మరుసటి దినం బయటే నిలబడాల."

వెనక బెంచీలో కాటమ్మకు ఒళ్లు మండింది. రెండేళ్లు మొహం చాటేసిన వాన మొన్ననే పడింది. నేలలో పదును ఆరేలోగా వేరుశనగ విత్తకపోతే ఈ ఏడూ చేను బీడే. విత్తనాన్ని మిషన్లో ఆడిస్తే గింజ పగిలిపోతుంది, మొలవదు. అందుకే ఇంటిల్లిపాదీ చేత్తో ఒలుస్తున్నారు.

బడి వదలగానే లక్ష్మీనరసింహను వరండాలో ఆపింది.

"నన్ను ఎప్పుడు అడిగినావు?"

"నలుగుర్ని అడిగినాలే. నలుగురూ ఆడుకున్నామన్నారు. అన్నం ఉడికిందో లేదో చూసేదానికి ఒక మెతుకు చాలదా?"

"మేం మెతుకులమా? ఆ నలుగురూ నీ బెంచీవాళ్లే. నేను చీకటి పడేదాకా కాయలు ఒలిచినా. రేపు నేను క్లాసులో కూచుంటే మా విత్తనం ఎవరు ఒలుస్తారు, మీ నాయనా?"

లక్ష్మీనరసింహకు రోషం వచ్చింది. వాళ్ల నాన్నది బట్టల అంగడి. వాడికి శనక్కాయలంటే పొట్లంలో వేయించినవే. కాయలు ఒలవడం కూడా ఒక పనేనా? ఆ పిల్ల కోతలు బయటపెడదామని సాయంత్రం వాళ్లింటికి వెళ్లాడు.

నడవలో కాయలు రాశిగా పోసి ఉన్నాయి. కాటమ్మ, వాళ్లమ్మ వెంకటక్క ఒలుస్తున్నారు.

"కూచో నాయనా. నోట్లో మాత్రం ఏసుకోవద్దు, విత్తనం," అంటూ వెంకటక్క వాడి ముందుకూ కొన్ని కాయలు తోసింది.

అరగంటకే వాడి బొటనవేలు కమిలిపోయింది. రాశి చూస్తే తగ్గినట్టే లేదు.

"ఎప్పటికి అయిపోతాయి?"

"ఎల్లుండి పొద్దున్నే గొర్రు కట్టి విత్తాల. ఆలోపల కావాల," అంది వెంకటక్క. "రేపట్నుంచి ఈ పిల్ల క్లాసుకు పోతే యాడయితాదో."

ఆమె గొంతులో కోపం లేదు. ఆ కోపమంతా ఇప్పుడు లక్ష్మీనరసింహకు తన మీదే వచ్చింది. సార్ మీదా వచ్చింది. అంత పెద్దాయన, ఒక్కసారి వెనక బెంచీ వైపు చూసి అడగొద్దూ?

మరునాడు ఇంగ్లిష్ క్లాసు మొదలవగానే వాడు లేచి చార్టు పీకేశాడు.

"ఏందప్పా ఇది?" అన్నారు సార్.

"ఇది తప్పు సార్. నలుగుర్నే అడిగినా. మిగతాది నేనే రాసినా."

సార్ వాడి వైపు చూశారు. తర్వాత వెనక బెంచీల వైపు చూశారు.

"నేనూ అడక్కపోతి," అన్నారు మెల్లగా. "అందరి దగ్గరా రాసుకొని రా. స్పెషల్ క్లాసు సంగతి ఆ పైన చూద్దాం."

లక్ష్మీనరసింహ నోటుబుక్కు తీసుకుని నేరుగా వెనక బెంచీకి వెళ్లాడు.

"కాటమ్మా, నిన్న సాయంత్రం ఏం చేసినావు?"

"నీకు తెలుసు గదా."

"తెలుసు. అయినా నువ్వు చెప్తేనే రాస్తా."

కాటమ్మ చెప్పింది. వాడు రాసుకుని పక్కనున్న కదిరయ్య వైపు తిరిగాడు.